చొక్కా చేతి మీద ఇరవై మూడో సెక్షను

"ఎడమ చెయ్యి ఏది అత్తయ్యా?"

అత్తగారు మిషను తొక్కడం ఆపలేదు. "ఉన్నచోటే ఉంటుంది. కాళ్లొచ్చి నడిచిపోతుందా?"

"మొన్న నేనే కదా ఆ మేకుకి తగిలించాను! వీపు ఉంది, ముందు భాగాలు రెండూ ఉన్నాయి, కాలరుంది, కుడి చెయ్యుంది. ఎడమదే లేదు."

"అయితే రేపు ఒంటిచేత్తో వెళ్లు."

ఆదివారం పొద్దున తొమ్మిదైంది. గంట నుంచి ఆ ఇంట్లో ఇదే గోల. మంచాల కింద చూశారు. పరుపులు ఎత్తి దులిపారు. కోడలు మిషను సొరుగు లాగి నేల మీద బోర్లించేసరికి బొత్తాలు గది నాలుగు మూలలకూ దొర్లాయి. వాటిని ఏరే ఓపిక ఎవరికీ లేదు. అడుగేస్తే చాలు, కాలికి గుచ్చుకుంటున్నాయి.

పోయింది బట్ట చెయ్యి కాదు, కాగితం చెయ్యి. అత్తగారు ఏ చొక్కా అయినా ముందు కాగితం మీద కత్తిరించి చూసుకుంటుంది. ఆ కాగితం కోడలు తెచ్చేదే. కోడలు ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. దిద్దడం అయిపోయి చిత్తులో పడేసిన పెద్ద పెద్ద ప్రూఫు షీట్లు చుట్టచుట్టి ఇంటికి తెస్తుంది. పదేళ్లుగా ఆ వీధిలో సగంమంది మగాళ్లు ఎవరివో వార్షిక నివేదికల మీద కొలిచిన చొక్కాలు తొడుక్కుని దర్జాగా తిరుగుతున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది పోయిన ఆదివారం వచ్చింది, అదీ ముందుగదిలో చట్టం బడి నడుస్తుండగా.

చట్టం బడి అనే పేరు అత్తగారి కొడుకు పెట్టింది, వెక్కిరింతగా. కొత్త కరెంటు చట్టం ముసాయిదా బయటికి వచ్చినప్పటి నుంచీ, నాలుగు నెలలుగా, ఆదివారం సాయంత్రాలు కోడలితో కలిపి నలుగురు చేరి దాన్ని సెక్షను తర్వాత సెక్షను చదువుతున్నారు. పద్ధతి మాత్రం కోడలి ప్రెస్సు పద్ధతే. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు లైను వెంబడి వేలు పెట్టుకుని రావాలి. అర్థం కాకపోతే 'ఆగు' అనాలి. తెలియకపోయినా తెలిసినట్టు తలూపడం నిషేధం. ఈ నియమం పుణ్యమా అని మొదటి నెలంతా రెండు పేజీలే నడిచాయి.

పోయిన ఆదివారం ఎలక్ట్రీషియను చొక్కా కొలతలిస్తూ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. వీధంతా అతన్ని ఫ్యూజు అంటారు. ఊరికే నిలబడలేని మనిషి కాబట్టి గోడకు తగిలించిన కాగితం చెయ్యి మీద ఉన్నది పైకి చదవడం మొదలుపెట్టాడు. "ఇంధనం ఖర్చు పెరిగినప్పుడల్లా పంపిణీ కంపెనీ..." అన్నాడో లేదో, ఒళ్లో ముసాయిదా బిల్లు పెట్టుకున్న రిటైర్డు కోర్టు గుమాస్తా గారు తలెత్తకుండానే అందుకున్నారు. "...ఆ భారమును నెలనెలా వినియోగదారుల బిల్లులో కలుపుకొనవచ్చును. ఇరవై మూడో సెక్షను. అది మనం వచ్చే వారం చదవాల్సింది కదయ్యా, నీకెలా తెలుసు?"

అందరూ లేచి గోడ దగ్గరికి వెళ్లారు. ఆ షీటు కరెంటు కంపెనీల సంఘం అచ్చు వేయించుకున్న సూచనల పత్రం. మూలన ప్రెస్సు ముద్ర, తేదీ ఉన్నాయి. ప్రభుత్వం బిల్లు కంటే చొక్కా చెయ్యి నాలుగు నెలలు పెద్దది.

ఇప్పటిదాకా రేటు పెంచాలంటే జనాన్ని పిలిచి, వాళ్ల మాట విని పెంచాలి. ఇరవై మూడో సెక్షను వస్తే పిలవడాలు లేవు, వినడాలు లేవు. ఆ సెక్షను ఎవరి బల్ల మీద పుట్టిందో చెప్పే కాగితం ఇంట్లో ఉండగా, రేపు పొద్దున పదింటికి పార్లమెంటు కమిటీ జనం మాట వింటుంది. మనిషికి ఐదు నిమిషాలు. కోడలిది పదిహేడో నంబరు.

ఇవాళ చూస్తే చెయ్యి లేదు.

కొడుకు పెరట్లోంచి లోపలికి వచ్చాడు. అతనూ అదే ప్రెస్సులో మెషిన్‌మన్. మనిషి మెషినులాగే తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే ఆగడు.

"మీరు తీశారా?" అంది కోడలు.

"నేనెందుకు తీస్తాను?"

"ఎందుకో మీకే తెలియాలి."

"చూడు. ఇరవై రెండేళ్లుగా ఆ మెషిను దగ్గర నిలబడుతున్నాను. వచ్చే పనిలో సగం ఆ సంఘానిదే. రేపు నువ్వెళ్లి వాళ్ల కాగితం కమిటీ ముందు పరిచావనుకో. ఎల్లుండి నుంచి ఆ మెషిను మీద ఏం తిప్పమంటావు? మీ చట్టం బడి నోట్సా?"

"అంటే తీశారన్న మాటే కదా."

"దాచానని మాత్రం అనకు. నాకు వద్దనిపిస్తే చింపి పొయ్యిలో పడేసేవాణ్ణి, నీ కళ్లముందే."

ఆ మాట నిజమేనని కోడలికి తెలుసు. ఏ పనైనా సగంలో వదిలే అలవాటు అతనికి లేదు. అందుకే ఆమెకి ఇంకా ఒళ్లు మండింది. కోపం చూపించడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయాడు.

"మీకు భయం," అంది.

"అవును, భయమే. ఇంట్లో ఇద్దరం ఒకే ప్రెస్సులో చేస్తున్నాం. ఇద్దరం ఒకేసారి రోడ్డు మీద పడతాం. నీకు భయం లేదా?"

కోడలికి ఉంది. అది ఒప్పుకోకుండా, వంగి మళ్లీ మంచం కింద వెతకసాగింది. మిషను మాత్రం టకటకా నడుస్తూనే ఉంది. అత్తగారు కుట్టిందే మళ్లీ కుడుతోందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

పదకొండింటికి ప్రెస్సు ఓనరు వచ్చాడు. పదేళ్లలో ఆయన ఆ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి.

ఆయన అరిచే మనిషి కాదు, అదే ఆయనతో చిక్కు. కుర్చీలో కూర్చుని, కింద పడి ఉన్న బొత్తాలు చూసి, వంగి ఒక్కొక్కటే ఏరి స్టూలు మీద పెట్టడం మొదలుపెట్టాడు.

"చదువుకుంటున్నారట కదమ్మా. మంచిదే. జనం చదువుకోవాలి. నేను ఎవరి చదువుకీ అడ్డురాను."

"మీకెవరు చెప్పారండీ?"

"వీధిలో పడ్డ మాట ఎవరు చెబితేనేం? ప్రెస్సుకొచ్చే కాగితం డాక్టరు దగ్గరికొచ్చే రోగం లాంటిది. గది దాటకూడదు."

"చిత్తు కాగితాలు పట్టుకెళ్లమన్నది మీరేనండీ."

"చొక్కాలకి పట్టుకెళ్లమన్నాను." ఆయన ఇంకో బొత్తం ఏరాడు. "నేను మిమ్మల్ని వెళ్లొద్దనడం లేదు. వెళ్లి మీకు తోచింది చెప్పండి. మన కాగితం మాత్రం లేకుండా చెప్పండి. అక్కడ పన్నెండు మంది మెషిన్ల మీద బతుకుతున్నారు. మీ ఒక్కరి చదువుకి వాళ్లందరూ ఫీజు కట్టకూడదు కదా."

ఆ పన్నెండు మందీ కోడలికి పేరుపేరునా తెలుసు.

ఓనరు లేచి కొడుకు వైపు తిరిగాడు. "నువ్వొకసారి రావాలయ్యా. అర్జంటు పనొచ్చింది."

"ఆదివారమా?"

"ఆదివారమే."

కొడుకు చెప్పులు తొడుక్కున్నాడు. భార్య వంక చూడలేదు. తల్లి వంకా చూడలేదు.

సాయంత్రం నాలుగింటికి చట్టం బడి కూడింది. ఎవరూ బిల్లు తెరవలేదు. గుమాస్తా గారు మామూలు కుర్చీలో, ఫ్యూజు కిటికీ గట్టు మీద, లాండ్రీ ఆవిడ చాప మీద. కోడలు చేతి సంగతి చెప్పింది.

"ఓనరుకి ఎలా తెలిసిందంటారు?" అంది లాండ్రీ ఆవిడ.

ఫ్యూజు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. అతను ఎవరి మొహమూ చూడకపోవడం అందరికీ కొత్తగా ఉంది.

"టీ కొట్టు దగ్గర ఒక్క మాటన్నాను వదినా," అన్నాడు చివరికి.

"ఏమని?"

"ప్రభుత్వాన్ని నా చొక్కా చేతిలో పెట్టుకుని తిరుగుతున్నానని."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదరా!" లాండ్రీ ఆవిడ విరుచుకుపడింది. "కరెంటు రేటు నెలనెలా మారితే నేను జనానికి ఇస్త్రీ రేటు ఏం చెప్పాలి? 'ఈ నెలకిది, వచ్చే నెల సంగతి కంపెనీవాళ్లని అడగండి' అని బోర్డు పెట్టనా? నాలుగు నెలలు ఆదివారం పూట షాపు మూసుకుని వచ్చి కూర్చున్నాను ఇక్కడ, వేలు పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా. నువ్వు టీ తాగుతూ ఊదేశావు!"

"తప్పే. తిట్టు వదినా, ఇంకా తిట్టు."

"తిట్లు తర్వాత," అన్నారు గుమాస్తా గారు. "అమ్మాయ్, కాగితం లేకుండా వెళితే నీ మాట రాసుకుంటారు, అంతే. రాసుకుని కట్టగట్టి పడేస్తారు. కాగితం ఉంటేనే ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడగాల్సి వస్తుంది."

"దొరికితే తీసుకెళ్తానండీ."

"దొరికినా ఒక మాట గుర్తుంచుకో. అది చెయ్యి ఆకారంలో కత్తిరించి ఉందంటే, మీ అత్తగారి వృత్తి అది, చెప్పుకోవచ్చు. కొత్త కోత మాత్రం పడకూడదు. పాత కోత వేరు, కొత్త కోత వేరు, కాగితం రంగే పట్టిచ్చేస్తుంది. ముప్పై ఏళ్లు కోర్టులో చూశాను. ఇంకోటి. కమిటీ ముందు చెప్పేది ప్రమాణం చేసి చెప్పినట్టే. అబద్ధమని తేలితే కేసు పెట్టొచ్చు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు."

"నేనెందుకండీ అబద్ధం చెబుతాను!" అంది కోడలు.

వెళ్లేటప్పుడు ఫ్యూజు గుమ్మంలో ఆగాడు. "బావ ఎక్కడక్కా?"

"ప్రెస్సులో. అర్జంటు పనట."

"ఆదివారం ఏం పని?"

ఆ ప్రశ్న పొద్దుట్నుంచీ కోడలి బుర్రలోనూ తిరుగుతూనే ఉంది. తలుపు వేసేసింది.

అందరూ వెళ్లాక అత్తగారు మిషను ఆపింది. ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి ఇల్లు ఖాళీ అయినట్టనిపించింది. ఆవిడ లేచి, కొలతల పుస్తకం అట్ట లోపల నుంచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి కోడలి చేతిలో పెట్టింది.

ఎడమ చెయ్యి.

"మీరా?" అంది కోడలు. నమ్మకమైన మనిషి చెంపదెబ్బ కొట్టినట్టుంది ఆమెకి. "మీ అబ్బాయి ఉద్యోగం కోసమా? నాతో ఒక్క మాటంటే పోయేది కదా అత్తయ్యా! పొద్దుట్నుంచీ ఆయన్ని దొంగని చేశాను."

"వాడి కోసం కాదు. వాడికి రెండు చేతులున్నాయి, ఎక్కడైనా బతుకుతాడు. మడత విప్పి చూడు."

పోయిన ఆదివారం ఆ చెయ్యి సగానికి మడిచి మేకుకి తగిలించి ఉంది. చదివినంతా మడతకి ఇవతలి సగమే. కోడలు ఇప్పుడు పూర్తిగా విప్పింది. అవతలి సగంలో పేరా మొదలుంది. అందులో ఒక మాట కింద ఎర్రగీత. 'వినియోగదారులకు ముందుగా తెలిపి, వారి అభ్యంతరములు విన్న పిమ్మట.' గీత చివర, అంచులో, ఎర్ర సిరాతో చిన్న చిన్న అక్షరాలు.

'పై పేరాలో వచ్చింది. మళ్లీ అవసరమా?'

"కొలతల పుస్తకంలో ఎప్పుడూ నువ్వేగా రాసేది," అంది అత్తగారు. "నాకు చదువు అంతంతమాత్రమే గానీ, నీ రాత నాకు తెలియదా?"

కోడలు మిషను స్టూలు మీద కూలబడింది.

నెలకి వెయ్యి పేజీలు చూసే కళ్లు. ఏ పేరా ఎవరిదో మర్నాటికి గుర్తుండదు. కానీ ఇది గుర్తొచ్చేసింది. ఒకే మాట రెండు పేరాల్లో వస్తే అంచులో అడగడం ఆమె పని. అడిగింది. సంఘం వాళ్లు తీసేయమన్నారు. తర్వాతి ప్రూఫుకి ఇక్కడ ఆ మాట పోయింది. ఆఖరి ప్రూఫు వచ్చేసరికి పై పేరా మొత్తమే ఎగిరిపోయింది. ఇక ఆ పత్రంలో జనాన్ని పిలవాలన్న మాటే లేదు, బిల్లులోనూ లేదు. అప్పుడు సంఘం ఆఫీసు నుంచి ఒకాయన ప్రెస్సుకి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. "మంచి కన్నమ్మా మీది. మాకు తట్టనే లేదు సుమా." ఆ మెప్పు ఆమె ఆ పూట భోజనాల దగ్గర మురిసిపోతూ ఇద్దరికీ చెప్పుకుంది.

ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. నాలుగు నెలలుగా ఎవరి చేతివాటమో కనిపెట్టాలని నలుగురిని పోగేసి వేలు పెట్టించి చదివిస్తోంది. తీరా చూస్తే అందులో తన చెయ్యి కూడా ఉంది.

అత్తగారు గోడకున్న కత్తెర తీసింది. "ఈ అంచు ఒక్క కోతలో పోతుంది. గీత ఎవరైనా గీయొచ్చు. నీ రాతే ఉండకూడదు."

"గుమాస్తా గారు అన్నారు కదా అత్తయ్యా, కొత్త కోత..."

"ఆయనకేం, ఇంటికెళ్లి పడుకుంటాడు. నువ్వు పడుకోవు. ఒక్క కామా తప్పు పోతేనే మూడు రోజులు అన్నం సహించదు నీకు. రేపు అంతమంది నిన్ను వేలెత్తి చూపిస్తే తట్టుకోగలవా? నేను చూడలేను, అందుకే దాచాను. తప్పంటే తప్పే." ఆవిడ చెయ్యి చాచింది. "ఎవరూ చూడలేదు. ఇటివ్వు."

కోడలు కాగితం ఇవ్వలేదు. "నా రాత కత్తిరించేస్తే, వాళ్లు తీసేసింది ఏమిటో, ఎప్పుడు తీశారో, అదీ పోతుంది. ఏవో రెండు కాగితాలు ఒకేలా ఉన్నాయి అంటారు, అంతే. దాన్ని దాస్తే నన్ను నేను దాచుకున్నట్టే అవుతుంది."

"దాచుకుంటే తప్పేమిటే?"

"తెలీదత్తయ్యా. కానీ వద్దు."

కత్తెర కాసేపు అలాగే గాల్లో ఉండి, తర్వాత మేకుకి వెళ్లింది. అత్తగారు వంటింట్లోకి వెళ్లి గిన్నెలతో కావలసినదానికంటే గట్టిగా చప్పుడు చేసింది.

ఆరింటికి కొడుకు వచ్చాడు. పెరట్లో నిలబడి కిరసనాయిలు గుడ్డతో చేతులు రుద్దుకుంటున్నాడు. గోళ్ల సందుల్లోంచి సిరా వదలడం లేదు.

"ఏం పని?" అంది కోడలు గుమ్మంలోంచి.

"కరపత్రాల్లాంటివి."

"ఎవరివి?"

అతను గుడ్డ తిరగేసి మళ్లీ రుద్దాడు. "రేపు వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను. చెయ్యి దొరికింది."

ఎక్కడ దొరికిందని అతను అడుగుతాడనుకుంది. దొంగతనం అంటగట్టినందుకు రెండు మాటలంటాడనుకుంది. అంటే బాగుండుననుకుంది కూడా.

"సరే," అన్నాడు.

"మీరొస్తారా?"

"నాకు పనుంది."

మర్నాడు ఆమె నిద్ర లేచేసరికే అతను వెళ్లిపోయాడు.

కమిటీ కూర్చున్నది పొడుగాటి హాల్లో. వేదిక మీద బల్ల వెనక ఏడుగురు సభ్యులు, మధ్యలో కళ్లజోడు అధ్యక్షుడు. వేదిక కింద ఒక మైకు. అక్కడ ఎవరేం చెప్పినా ప్రమాణం మీద చెప్పినట్టే భావిస్తామని మొదటే ప్రకటించారు. చట్టం బడి నలుగురూ వెనక గోడ దగ్గర కూర్చున్నారు. కోడలి సంచిలో చెయ్యి నిలువునా ఉంది, కొత్త కోత పడకుండా.

తొమ్మిదో నంబరు లేచాడు. "నేనొక సాధారణ వినియోగదారుణ్ణి," అని మొదలుపెట్టి కాగితం చూసి చదివాడు. విచారణల పేరుతో జరిగే జాప్యం వల్ల చివరికి నష్టపోయేది సామాన్యుడేనట, ఇరవై మూడో సెక్షను సామాన్యుడికి మేలు చేస్తుందట.

పదకొండో నంబరూ సాధారణ వినియోగదారుణ్ణే అన్నాడు. పన్నెండూ అంతే. పద్నాలుగో మనిషి 'జాప్యం' దగ్గర దగ్గు తెర వస్తే ఆగాడు. ఆ తర్వాతి మాట ఏమిటో లాండ్రీ ఆవిడ లోగొంతుకతో చెప్పేసింది.

"ఒకే వకీలు నేర్పిన సాక్షులు ఇలాగే చెబుతారు," అన్నారు గుమాస్తా గారు పళ్ల మధ్య నుంచి.

పద్నాలుగో మనిషి తిరిగి వెళుతూ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే కోడలు చూసింది. ఆ కాగితం ఆమెకి తెలుసు, ఆ అక్షరాలు ఆమెకి తెలుసు. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు, అతని బొటనవేలికి నల్లగా అంటుకుంది. ఆదివారం అర్జంటు పని ఏమిటో అప్పుడు అర్థమైంది.

"పదహారో నంబరు."

మూడో వరసలోంచి లేచిన వీపుని ఆమె ఎక్కడున్నా పోల్చుకోగలదు. పక్క కుర్చీలో ఓనరు కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు ఫ్యూజు.

కొడుకు మైకు ముందు కాగితం రెండు చేతులా పట్టుకున్నాడు. "నేనొక సాధారణ వినియోగదారుణ్ణి. నాకు ఏ సంస్థతోనూ సంబంధం లేదు..." అచ్చు తప్పులేమైనా ఉన్నాయేమో చూస్తున్నట్టు, ఒక్కో మాటా విడివిడిగా చదివాడు. ఎక్కడా ఆగలేదు. ఎక్కడా తలెత్తలేదు. చివరిదాకా చదివి, వెళ్లి కూర్చున్నాడు.

కోడలికి ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. తనకి చెప్పకుండా ఈ కాగితం అతను ఎంతసేపు ఒంటరిగా మోశాడో అన్న ఆలోచన వచ్చి, అది కోపం కంటే ఎక్కువ బాధపెట్టింది.

"పదిహేడో నంబరు."

లేచి వెళ్లింది. సంచిలోంచి చెయ్యి తీసి బల్ల మీద పరిస్తే ఒకరిద్దరు సభ్యులు నవ్వారు. ఆమె చదవడం మొదలుపెట్టాక నవ్వు ఆగిపోయింది. పత్రం తేదీ చెప్పింది, బిల్లు తేదీ చెప్పింది. రెంటిలోనూ ఒకటే అయిన మాటలన్నీ చదివింది, బిల్లులో లేని ఒక్క మాటా చదివింది.

"ఈ ఎర్ర సిరా ఎవరిదమ్మా?" అంది చివర కూర్చున్న సభ్యురాలు.

"నాదేనండీ. ప్రెస్సులో దీన్ని దిద్దింది నేనే. ఆ మాట అవసరమా అని అడిగింది నేనే. రెండుసార్లు వచ్చిందని అడిగాను. వాళ్లు రెండు చోట్లా తీసేశారు."

హాల్లో గుసగుసలు లేచాయి. అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని, ముందున్న జాబితాలో ఏదో వెతుకుతున్నాడు. వేలు ఒక చోట ఆగింది. పైకి జరిగింది. మళ్లీ కిందికి వచ్చింది.

"మీకు ముందు మాట్లాడినాయన ఉన్నారే, పదహారో నంబరు. ఆయనదీ మీదీ ఒకే ఇంటి నంబరు, ఒకే వీధి రాసుంది. ఏ సంస్థతోనూ సంబంధం లేదని ఇప్పుడే చెప్పి కూర్చున్నారు." ఆయన తలెత్తాడు. "ఆయన మీకేమవుతారమ్మా?"

నాలుగు నెలలుగా ఎవరేమడిగినా చెప్పగలిగేలా చదువుకుంది కోడలు. ఇరవై మూడో సెక్షను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఈ ప్రశ్న ఏ సెక్షనులోనూ లేదు. జవాబు చెబితే మొగుడు అబద్ధం చెప్పాడని కమిటీకి తానే అప్పజెప్పినట్టు. చెప్పకపోతే, కత్తిరించకుండా తెచ్చిన ఈ కాగితాన్ని ఇక ఎవరు నమ్ముతారు?

"చెప్పండమ్మా."

ఆమె మూడో వరస వైపు చూడలేదు. చూస్తే ఇక చెప్పలేకపోయేది.

"మా ఆయనండీ," అంది. "ఆ ప్రెస్సులోనే మెషిన్‌మన్."

మైకు ఆ మాటని ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వినిపించింది. వెనక కుర్చీ ఒకటి కిర్రుమంది. అప్పుడు తిరిగి చూసింది.

అతను లేచి నిలబడ్డాడు. ఓనరు అతని చొక్కా పట్టుకుని కిందికి లాగుతున్నాడు. అతను కూర్చోవడం లేదు.